చెవులు నాకు దక్కాయి

1979లో రాజమండ్రి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంక్ ఆపరేటరుగా చేరాను. అప్పటికి నాకు ఇరవై ఒక్కేళ్ళు. 2018లో రిటైరయ్యేదాకా అదే డిపార్ట్‌మెంటు. మధ్యలో చాలా మారాయి. బోర్డులు పోయి కంప్యూటర్లు వచ్చాయి, 2000లో మా డిపార్ట్‌మెంటు కాస్తా బీఎస్ఎన్ఎల్ అయింది, నా సీటు ట్రంక్ బోర్డు దగ్గర్నుంచి కౌంటరుకి మారింది. ఏ సీట్లో కూర్చున్నా నా పని మాత్రం వినడమే. ఒకరి కబురు, ఒకరి కంగారు, ఒకరి కోపం, అన్నీ విన్నాను. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఈ చెవులు డిపార్ట్‌మెంటువి. ఇప్పుడు నాకు దక్కాయి. వాటితో నేనెంత సుఖపడుతున్నానో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఇప్పటి పిల్లలకి ట్రంక్ కాల్ అంటే విడమరిచి చెప్పాలి. వేరే ఊరికి మాట్లాడాలంటే ముందు 180కి ఫోన్ చేసి కాల్ బుక్ చేసుకోవాలి. ఆర్డినరీయా, అర్జెంటా, లైట్నింగా అని మేం అడిగేవాళ్ళం. అర్జెంటుకి రెట్టింపు, లైట్నింగ్‌కి ఎనిమిది రెట్లు. ఫలానా మనిషే లైన్లోకి రావాలంటే పీపీ కాల్. బుక్ చేసి గంటా రెండు గంటలు, పండగ రోజుల్లో అయితే పూటంతా ఫోను పక్కనే కూర్చునేవాళ్ళు. ఇంట్లో ఫోను లేనివాళ్ళు పోస్టాఫీసు బల్ల మీద కూర్చునేవాళ్ళు. మా బోర్డు మీద దీపం వెలగగానే తీగ లాగి ప్లగ్గు పెట్టి అవతలి ఊరి ఆపరేటరుని అందుకోవాలి. ఆవిడ నంబరు కలిపాక వీళ్ళిద్దరినీ కలపాలి. లైను బాగాలేకపోతే ఇవతలివాళ్ళ మాట అవతలివాళ్ళకి మేమే చెప్పాలి. "మీ నాన్నగారికి కులాసాగానే ఉందటండీ", "పాపే పుట్టిందట, తల్లీబిడ్డా క్షేమమేనట". ముక్కూమొహం తెలియనివాళ్ళకి ఇలాంటి కబుర్లు ఎన్ని మోశానో.

మూడు నిమిషాలు ఒక యూనిట్టు. గడియారం చూసుకుని లైన్లోకి వెళ్ళి, "మూడు నిమిషాలయ్యాయండీ, పొడిగించమంటారా?" అని అడగాలి. సరిగ్గా అప్పటికే అసలు మాట మొదలయ్యేది. అందాకా వానల గురించీ కోతల గురించీ మాట్లాడి, నేను లైన్లోకి వచ్చే వేళకి "అమ్మ ఎలా ఉందిరా?" అనేవాళ్ళు. పొడిగించడానికి జేబులో డబ్బులు లేవన్న సంగతి ఆ గొంతులోనే తెలిసిపోయేది. అలాంటప్పుడు నా ప్రాణం ఎంత కొట్టుకునేదో.

విన్నది బోర్డు దగ్గరే వదిలేసి ఇంటికెళ్ళాలని చేరిన రోజే మా సూపర్‌వైజరమ్మగారు చెప్పారు. ఆవిడ మాట నేటికీ దాటలేదు, ఇక్కడా దాటను.

చెవి మాత్రం బాగా పదునెక్కింది. "హలో" అనకముందే, ఊపిరి తీసుకోవడాన్ని బట్టి అవతల విజయవాడలో ఏ ఆపరేటరుందో చెప్పేదాన్ని. లైన్లో గరగర పెరిగితే దారిలో ఎక్కడో తీగల మీద వాన పడుతోందని అర్థమయ్యేది. కానీ ఇంటికొచ్చాక చిన్న చప్పుడు కూడా పడేది కాదు. రేడియో కట్టేయమనేదాన్ని. పిల్లలు ఆడుకోవడానికి పక్కింటి డాబా మీదికి వెళ్ళేవాళ్ళు. మావారు గ్లాసు కింద పెట్టినా చప్పుడు కాకుండా పెట్టేవారు. రోజంతా హెడ్‌సెట్టు పెట్టుకున్న తలకి నిశ్శబ్దం ఒక్కటే మందు అనుకునేదాన్ని. రాత్రి డ్యూటీలో మాత్రం ఒక్క చప్పుడు ఇష్టంగా ఉండేది. కాల్స్ తగ్గాక, ఊరంతా పడుకున్నాక, హేవలాక్ వంతెన మీద గూడ్సు బండి గోదావరి దాటే చప్పుడు. 1900లో కట్టిన ఆ వంతెన మీద 1997లో రైళ్ళు ఆపేశారు. ఆ తర్వాతా బళ్ళు గోదావరి దాటుతూనే ఉన్నాయి, కానీ ఆ చప్పుడు మళ్ళీ వినలేదు.

రిటైరయ్యాక కొన్నాళ్ళు రాజమండ్రిలోనే ఉండి, తర్వాత మా నాన్నగారి ఊరు వచ్చేశాం. కోనసీమలో అంబాజీపేటకి కూతవేటు దూరం. గోదావరి పాయలు ఇటు గౌతమి, అటు వైనతేయ, మధ్యలో మా కొబ్బరితోటలు. ఇల్లు పాతదే. వసారాకి కొత్త రేకులు వేయించి, వంటిల్లు బాగుచేయించుకుని దిగిపోయాం.

ఇక్కడ తెల్లవారుజామున ముందుగా వినపడేది చీపురు. కొబ్బరి ఈనెల చీపురుతో ఇసక వాకిలి ఊడుస్తుంటే వచ్చే చప్పుడు పుట్టి పెరిగినవాళ్ళకే తెలుస్తుంది. ఒక్కో ఇంటి చీపురుది ఒక్కో తీరు. ఎదురింటి అక్కయ్యగారు పొడుగ్గా, తాపీగా లాగుతారు, మధ్యలో నడుం మీద చెయ్యేసుకుని ఆగుతారు. పక్కింటి కొత్తకోడలు గబగబా నాలుగు దెబ్బలేసి కళ్ళాపి చల్లేస్తుంది. మూలింటివాళ్ళ పెద్దమ్మాయి పుట్టింటికి వచ్చిన సంగతి నాకు ముందు చీపురు చప్పుడుతోనే తెలిసింది. మంచం మీదే పడుకుని, కళ్ళు తెరవకుండా, వీధిలో ఎవరెవరు లేచారో చెప్పగలను. లేచి పరిగెత్తాల్సిన డ్యూటీ లేదు. ఆ పది నిమిషాలూ నాకు ఎంతో అపురూపం.

తర్వాత కాఫీ. ఫిల్టరు కింది గిన్నెలోకి డికాక్షన్ దిగే చప్పుడు ఎప్పుడైనా విన్నారా? వంటింట్లో ఇంకే అలికిడీ ఉండకూడదు. పైన నీళ్ళు పోయగానే గబగబా పడతాయి చుక్కలు. కింద కాస్త నిండాక చప్పుడు మెత్తబడుతుంది. ఒక చుక్కకీ ఇంకో చుక్కకీ మధ్య ఎడం పెరుగుతూ పోతుంది. అయిపోయిందనుకునేసరికి ఇంకోటి పడుతుంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఫిల్టరు తలమీద గరిటతో కొట్టి దింపేదాన్ని. ఇప్పుడు ఆఖరి చుక్క పడేదాకా పీట మీద కూర్చుంటాను. మావారు "కాఫీ ఏదీ?" అని వసారాలోంచి కేకేస్తారు. ఆ కేక కూడా బాగుంటుంది. గ్లాసు చప్పుడు కాకుండా పెట్టిన మనిషి ఇప్పుడు హాయిగా గొంతెత్తి పిలుస్తున్నారు.

ఇక కొబ్బరితోట. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఏమనుకోకండి.

గాలికి కొబ్బరాకులు చేసే చప్పుడు అచ్చం వాన చప్పుడులా ఉంటుంది. పట్నం నుంచి వచ్చిన చుట్టాలు మొదటి రోజు మధ్యాహ్నం ఆరేసిన బట్టలు తీయడానికి దొడ్లోకి పరిగెత్తుతారు. బయటికెళ్ళి చూస్తే ఎండ కాస్తూ ఉంటుంది. నా చిన్నప్పుడు ఆ చప్పుడులోనే పడుకున్నాను, ఆ చప్పుడులోనే చదువుకున్నాను. అది ఒకనాడు లేకుండా పోతుందని ఎవరం అనుకోలేదు.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ మీద పడింది. అప్పటికి ఎస్టీడీ వచ్చేసింది, ఎవరి ఫోను వాళ్ళే చేసుకుంటున్నారు. అయినా నంబరు కలవకపోతే జనం మాకే చేసేవాళ్ళు. ఆ రాత్రీ మర్నాడూ ఎన్ని గొంతులో. అమలాపురం ఒకసారి చూడమ్మా. ముమ్మిడివరం ఒకసారి చూడమ్మా. అంతకు పదేళ్ళ ముందు, 1986 ఆగస్టు వరదలకి గట్లు తెగినప్పుడు కూడా ఇలాగే అడిగారు. కానీ అప్పుడు ఏదో ఒక లైను ఎక్కడో ఒకచోట దొరికింది, ఏదో ఒక కబురు చెప్పగలిగాం. ఈసారి లైన్లో గరగర కూడా లేదు. మా నాన్నగారి ఊరూ అందులోనే ఉంది. వాళ్ళకి "ట్రై చేస్తున్నామండీ" అని చెబుతూ, నా మనసులో నేనూ అదే అనుకుంటూ కూర్చున్నాను.

దారులు తెరిచాక వెళ్ళాను. కొబ్బరిచెట్లు వరసల వరసలుగా ఒకే పక్కకి పడిపోయి ఉన్నాయి. నిలబడ్డవాటికి మొవ్వులు విరిగిపోయాయి. నాన్నగారికి దెబ్బలేమీ తగల్లేదు. అరుగు మీద కూర్చుని నన్ను చూసి, "గాలి వేస్తోంది గానీ వినపడట్లేదమ్మా" అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు. నేనూ ఆయన పక్కన కూర్చున్నాను. నిజమే, మొహానికి గాలి తగులుతోంది, చప్పుడు లేదు. నిశ్శబ్దమే మందు అనుకున్న నాకు ఆ రోజుతో ఆ అభిప్రాయం పోయింది.

అప్పటికి ఆయనకి అరవై ఐదు దాటాయి. దేశవాళీ కొబ్బరి నాటితే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. చాలామంది తోటలు తీసేసి వేరే పంటలకి వెళ్తామన్నారు. ఈయన మాత్రం పడిన చెట్లు తీయించి, ఆ గుంటల పక్కనే కొత్త గుంటలు తవ్వించారు. ఊళ్ళో దొరికిన దేశవాళీ మొక్కలు కొన్ని, అంబాజీపేట కొబ్బరి పరిశోధనా కేంద్రంలో తయారైన గోదావరి గంగ మొక్కలు కొన్ని. మన తూర్పు కోస్తా పొడుగు రకాన్నీ గంగాబొండాన్నీ కలిపి తీసిన సంకరం అది, త్వరగా కాపుకొస్తుంది. "త్వరగా కాసేవి నాకు, నిదానంగా కాసేవి నీకు" అనేవారు నవ్వుతూ. ఆయన రెండు రకాల కాపూ చూసే వెళ్ళారు, నాకు ఆ తృప్తి ఉంది. ఇప్పుడు నేను మధ్యాహ్నం వసారాలో వాలుకుర్చీ వేసుకుని వింటున్నది ఆ చెట్ల చప్పుడే.

రెండు నెలలకోసారి దింపు, అంటే కాయలు కోయించడం, ఉంటుంది. దింపు తీసే అబ్బాయి కాళ్ళకి బంధం వేసుకుని చూస్తుండగానే పైకి వెళ్ళిపోతాడు. గెల దగ్గర కూర్చుని కత్తి వెనక్కి తిప్పి కాయ మీద ఒక దెబ్బ కొడతాడు. ముదిరిందో లేదో ఆ దెబ్బకే తెలుస్తుందట. "ఇది దింపనండమ్మగారూ, ఇంకో నెలుంచాలండి ఆయ్!" అని పైనుంచి అరుస్తాడు. కింద నేను తల పైకెత్తి వింటుంటాను. మొదట్లో నాకు అన్ని దెబ్బలూ ఒకటే అనిపించేవి. ఇప్పుడు అతను చెప్పేలోపే పచ్చిదో ముదురుదో చాలావరకు పట్టేస్తున్నాను. మొన్న "మీరు కూడా నేర్చేసుకున్నారండమ్మగారూ" అన్నాడు. ఆ మాటకి నాకు కలిగిన సంతోషం ఆఫీసులో ఏ ప్రమోషనుకీ కలగలేదు.

అన్నిటికన్నా నాకు ఇష్టమైన పని కురిడీలు వినడం. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. బాగా ముదిరిన కాయల్ని పీచుతోనే అటక మీద పేర్చి నెలల తరబడి వదిలేస్తాం. ఎనిమిది నెలలు, పది నెలలు, ఒక్కోసారి ఏడాది. లోపలి నీళ్ళు నిదానంగా ఇంకిపోతాయి. కొబ్బరి ఎండి, చిప్పని వదిలి, లోపల గుండుగా ఊడి వస్తుంది. అదే కురిడీ. ఎక్కువగా ఉత్తరాదికి వెళ్తుంది. కాయ తయారైందో లేదో పైకి చూస్తే ఏమీ తెలియదు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాలి. నీళ్ళుంటే బొళక్ బొళక్ మంటుంది. నీళ్ళు ఇంకి, కొబ్బరి ఇంకా చిప్పని పట్టుకునే ఉంటే ఏ చప్పుడూ రాదు. పూర్తిగా ఊడితే లొడలొడమని, గట్టిగా, పొడిగా మోగుతుంది. ఈ మూడింటికీ మధ్య ఇంకోటుంది. ఒక పక్క మాత్రం ఊడి ఇంకో పక్క అంటుకుని ఉంటుంది. అప్పుడు ఊపితే ఒక్కసారి టక్కుమని ఊరుకుంటుంది. అది తొందరపడి కొడితే గుండు పగిలి ముక్కలవుతుంది, ధర పడిపోతుంది. దాన్ని మళ్ళీ అటకెక్కించాలి.

కిందటేడు నుంచి ఇరుగుపొరుగు కూడా తమ కాయలు తెచ్చి మా వసారాలో పోస్తున్నారు. "మీరోసారి విని చెప్పండి వదినగారూ" అంటారు. ముందు పీట వేసుకుని కూర్చుంటాను. ఒక్కో కాయ తీసి చెవి దగ్గర ఊపి, అయినవి కుడిపక్క, కానివి ఎడమపక్క పెడతాను. పక్కనే మాటలు నడుస్తుంటాయి, పిల్లలు పీచు తోకలు పట్టుకుని కాయలు లాగుతుంటారు. గడియారం వైపు చూసేవాళ్ళు లేరు. ఆఖర్న ఒక కాయ పీచు తీసి, చిప్ప మీద చుట్టూ నెమ్మదిగా కొట్టి, గుండు చెక్కుచెదరకుండా పైకి తీసినప్పుడు, ఆ గోధుమరంగు పొర మీద వేలు రాసి వాసన చూసినప్పుడు కలిగే ఆనందం నేను మాటల్లో పెట్టలేను. ఇంట్లోకి ఉంచుకున్నవి కోరి, బెల్లంతో లౌజు చేస్తాను.

కాలువ సంగతి కూడా చెప్పాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిందగ్గర్నుంచీ మా బతుకులన్నీ కాలువల చుట్టూనే. కాటన్ దొర విగ్రహానికి మా వైపు దండ వేయని ఊరు అరుదు. ఎండాకాలంలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. ఇంటి వెనక పంట బోదె అడుగు బీటలిచ్చి, ఎండుటాకులతో నిండిపోతుంది. జూన్‌లో వదిలితే నీళ్ళు మా దాకా రావడానికి కొంత టైము పడుతుంది. వచ్చే ముందు చప్పుడు వస్తుంది. నీళ్ళ చప్పుడనుకునేరు, ముందు వినపడేది ఎండుటాకుల కరకర. నీటి మొన వాటిని ముందుకి తోసుకుంటూ, కాస్త ఆగుతూ, ఏ గుంట దగ్గరో నిండి మళ్ళీ కదులుతూ వస్తుంది. వెనకాలే నురగ, దాని వెనక ఎర్రటి నీళ్ళు. ఎదురింటి అక్కయ్యగారు పసుపూ కుంకుమా తెచ్చి వేస్తారు. పిల్లలు నీటి మొనతో పాటే గట్టు మీద నడుచుకుంటూ శివారు దాకా వెళ్తారు. ఆ రాత్రి కప్పలు మొదలెడతాయి, ఇక నిద్ర పట్టే ప్రసక్తే లేదు. పట్టకపోతే ఏం, పొద్దున్నే షిఫ్టు లేదుగా.

బజారుకి నేనే వెళ్తాను, అదో సరదా. పనస కాలంలో అంబాజీపేట బజార్లో పనసపొట్టు కొట్టేవాళ్ళ దగ్గర ఆగకుండా రాలేను. పచ్చి పనసకాయ చెక్కు తీసి, ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో బరువైన కత్తితో టకటకటక కొడుతుంటే పొట్టు రాలుతుంది. చెయ్యి తిరిగినవాళ్ళది ఒకే వరస, ఎక్కడా దెబ్బ తప్పదు. మాట్లాడుతూనే కొడతారు, డబ్బులు లెక్క చెబుతూ కొడతారు. నాలుగు దెబ్బలకోసారి కాయ కాస్త తిప్పుతారు, అక్కడ చిన్న విరామం. నేను పక్కనే నిలబడి వింటాను. ఇంటికి తెచ్చి ఉడికించి, పోపులో వేసి, దింపి చల్లారాకే ఆవముద్ద కలపాలి. వేడి మీద కలిపితే చేదెక్కుతుంది. చాలామంది ఇక్కడే తొందరపడతారు. నాకిప్పుడు తొందర లేదు కాబట్టి కూర చక్కగా కుదురుతోంది.

సాయంత్రాలు బెంగళూరు నుంచి మనవరాలు వీడియో కాల్ చేస్తుంది. గంటసేపు మాట్లాడినా పైసా లేదు, మధ్యలో వచ్చి పొడిగించమంటారా అనేవాళ్ళు లేరు. ఆ పిల్ల ముందు బడి సంగతులు, తర్వాత కుక్కపిల్ల సంగతులు, ఆఖర్న ఏమీ లేని సంగతులు చెబుతుంది. ఈ ఏమీ లేని సంగతులంటే నాకు ప్రాణం. ట్రంక్ కాల్ రోజుల్లో వీటికి ఎవరికీ స్తోమత ఉండేది కాదు. "అమ్మమ్మా, వాన పడుతోందా మీకు?" అని అడుగుతుంది అప్పుడప్పుడు. ఫోను తోట వైపు తిప్పి పట్టుకుంటాను.

మా బోర్డు దగ్గర పనిచేసిన స్నేహితురాలు ఒకావిడ కాకినాడలో ఉంటుంది. నాకన్నా సీనియరు. వినడంలో మా అందరికీ గురువు. రెండేళ్ళుగా ఆవిడకి వినికిడి తగ్గింది, మిషను పెట్టుకుంటోంది. ఆదివారం ఆదివారం ఫోనులో మాట్లాడుకుంటాం. ఒక మాట రెండుసార్లు, మూడుసార్లు చెప్పాల్సి వస్తుంది. చెబుతాను. ఒకప్పుడు ఎవరెవరివో కబుర్లు అలాగే మళ్ళీ మళ్ళీ చెప్పేవాళ్ళం, ఇప్పుడు మావి మేం చెప్పుకుంటున్నాం. "మీ ఊళ్ళో అన్నన్ని చప్పుళ్ళంటావు, నాకేం వినపడతాయే" అంది ఈ మధ్య. ఆ మాట నాకు గుచ్చుకుంది.

అందుకే ఈసారి కనుమకి రమ్మన్నాను. జగ్గన్నతోట ప్రభల తీర్థం మాకు దగ్గరే. ప్రభలంటే వెదురుతో కట్టి, రంగు బట్టలతో అలంకరించి దేవుణ్ణి ఊరేగించేవి, తీర్థమంటే జాతర. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు అక్కడికి చేరతాయి. గంగలకుర్రు ప్రభలు పచ్చటి చేలల్లోంచి, కౌశిక ఏటి నీళ్ళల్లోంచి భుజాల మీద మోసుకొస్తారు. చేను తొక్కుతున్నారని రైతు ఒక్కమాట అనడు. ప్రభ నీళ్ళల్లో దిగేటప్పుడు మోగే డప్పులు చెవులతో పనిలేకుండా గుండెల్లో, కాళ్ళ కింద మట్టిలో తెలుస్తాయి. ఆవిడకి అవి తప్పకుండా అందుతాయి. ముందు రోజే వచ్చెయ్యమన్నాను. కాకినాడలో అమలాపురం బస్సెక్కితే చాలు, ఇప్పుడు యానాం దగ్గర వంతెన ఉంది, మునుపట్లా రేవు దాటే పని లేదు. మావారు బస్టాండుకి వెళ్ళి తీసుకొస్తారు. కింది గదిలోనే మంచం వేయించాను, మెట్లెక్కక్కర్లేదు. వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళడానికి మంచి కురిడీలు పక్కన పెట్టాను. మిషను బ్యాటరీలు మాత్రం రెండు జతలు ఎక్కువ తెచ్చుకోమన్నాను, పండగ పూట ఇక్కడ కొట్లు తీసి ఉండవు.